అమెరికాలో కమ్యూనిటీ పబ్లిక్ హెల్త్: ఎం.పి.హెచ్. దరఖాస్తు నుంచి మొదటి ఉద్యోగం దాకా

బీడీఎస్, బీఫార్మసీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివి అమెరికాలో ఎం.పి.హెచ్. (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేద్దామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ యూనివర్సిటీ మంచిది?" అని. నిజానికి అది నాలుగో ప్రశ్న. చదువయ్యాక ఏ పేరున్న ఉద్యోగంలో చేరతారు? ఆ ఉద్యోగం మీ వీసాకి పనికొస్తుందా? మీ ఐ-20 (వీసాకోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఏ కోర్సు కోడ్ పడుతుంది? ఈ మూడూ తేలకుండా చేరినవాళ్ళకి రెండేళ్ళ తర్వాత చేతిలో డిగ్రీ, నెత్తిమీద ఉద్యోగం వెతుక్కోవడానికి 90 రోజుల గడువు మిగులుతాయి.

ఇక్కడ చెప్పేది జనం మధ్య చేసే పని గురించి. షుగర్, బీపీ కార్యక్రమాలు, టీకాలు, తల్లీబిడ్డల ఆరోగ్యం, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్లు, కమ్యూనిటీ క్లినిక్కులు దీని కిందికి వస్తాయి. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ దారి వేరు. వీసా నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి ప్రతి తేదీనీ మీ యూనివర్సిటీలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) వ్యవహారాలు చూసే డీఎస్‌వోతో సరిచూసుకోండి.

## 1. ముందు ఉద్యోగం పేరు తేల్చుకోండి

జనానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే ఉద్యోగం కమ్యూనిటీ హెల్త్ వర్కర్. మన ఆశా కార్యకర్తలాంటి పని అది. ఇంటింటికీ వెళ్ళడం, అపాయింట్‌మెంట్లు పెట్టించడం, మందులు అందేలా చూడడం ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు. హెచ్-1బీకి (ఉద్యోగ వీసా) మాత్రం ఫలానా రంగంలో డిగ్రీ ఉంటేనే చేయగల పని అయ్యుండాలి. అందుకని ఆ హోదా మీద హెచ్-1బీ ఆశించడం దండగ.

అదే పనిని వేరే హోదాతో చేసే దారులు ఉన్నాయి:

- హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్: శిక్షణ, ప్రచార సామగ్రి, తరగతులు. ప్రకటనలో పబ్లిక్ హెల్త్ లేదా హెల్త్ ఎడ్యుకేషన్ డిగ్రీ కచ్చితంగా కావాలని రాసి ఉందో లేదో చూడండి. "ఏ డిగ్రీ అయినా సరే" అని ఉంటే హెచ్-1బీ కేసు బలహీనపడుతుంది.
- ప్రోగ్రాం కోఆర్డినేటర్: గ్రాంటు డబ్బుతో నడిచే కార్యక్రమాన్ని నడపడం. ఉద్యోగాలు ఎక్కువే, కానీ గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది.
- ఎపిడెమియాలజిస్ట్, డేటా అనలిస్ట్, ఎవాల్యుయేటర్: లెక్కలు, సర్వేలు, నివేదికలు. వీసాకి ఎక్కువ అనువైనవి ఇవే.
- రీసెర్చ్ కోఆర్డినేటర్: యూనివర్సిటీల్లో కమ్యూనిటీ అధ్యయనాలు. ఏటా ఇచ్చే హెచ్-1బీల సంఖ్యకున్న పరిమితి నుంచి మినహాయింపు దొరికే చోటు కాబట్టి చిన్నచూపు చూడకండి.

సీడీసీ (జబ్బుల నియంత్రణ సంస్థ) లాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు అమెరికా పౌరులకే. పబ్లిక్ హెల్త్ సర్వీస్ కమిషన్డ్ కోర్‌లో చేరాలన్నా పౌరసత్వం ఉండాలి.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. మీరు ఉండాలనుకునే రాష్ట్రంలో 20 ఉద్యోగ ప్రకటనలు సేకరించండి. ఒక షీట్‌లో ఉద్యోగం పేరు, అడిగిన డిగ్రీ, అడిగిన సాఫ్ట్‌వేర్, అడిగిన భాషలు, జీతం, వీసా గురించి రాసిన వాక్యం అని ఆరు గడులు పెట్టి నింపండి. ఏ కోర్సులు తీసుకోవాలో, ఏ ప్రాక్టికం (డిగ్రీలో భాగంగా ఒక సంస్థలో చేసే పని) వెతకాలో ఆ షీటే చెబుతుంది.

## 2. మీ స్టేటస్ ఎంతవరకు ఒప్పుకుంటుందో చూడండి

- ఎఫ్-1: పూర్తికాలం చదువు. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని. బయట పనికి సీపీటీ (చదువులో భాగమైన పనికి అనుమతి) లేదా ఓపీటీ (చదివిన రంగంలో, ఎక్కువగా చదువయ్యాక, పనికి అనుమతి) కావాలి.
- ఎఫ్-2: పార్ట్‌టైమ్ చదువు మాత్రమే. భర్త లేదా భార్య చదువుకోసం వెంట వెళ్ళినవాళ్ళు ఎం.పి.హెచ్. పూర్తిస్థాయిలో చేయాలంటే ఎఫ్-1కి మారాలి.
- హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్య లేదా భర్త, పిల్లలు): పూర్తికాలం చదవొచ్చు, కానీ సీపీటీ, ఓపీటీ ఉండవు. జీవిత భాగస్వామి ఐ-140 (గ్రీన్ కార్డుకోసం సంస్థ వేసే పిటిషన్) మంజూరయితే సాధారణంగా హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పని చేయొచ్చు. అక్కడే పెరిగిన పిల్లలకి 21 ఏళ్ళు నిండితే హెచ్-4 పోతుంది. ఎఫ్-1కి మారే దరఖాస్తు పుట్టినరోజుకి చాలా నెలల ముందే వేసి ఉంచాలి.
- గ్రీన్ కార్డు: పై తిప్పలేవీ లేవు. వీళ్ళు కమ్యూనిటీ హెల్త్ వర్కర్‌గా మొదలుపెట్టి, పని చేస్తూనే డిగ్రీ చదవడం తెలివైన దారి.

## 3. ప్రోగ్రాంని రెండు జల్లెడల్లో పట్టండి

మొదటి జల్లెడ, గుర్తింపు. కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్, వాడుకలో సెఫ్, ఇచ్చే గుర్తింపు ఉండాలి. యూనివర్సిటీకి ప్రాంతీయ గుర్తింపు ఉంటే చాలదు. సెఫ్ సొంత జాబితాలో ఆ స్కూలు గానీ ప్రోగ్రాం గానీ కనిపించాలి. "దరఖాస్తుదారు" హోదాలో ఉంటే గుర్తింపు ఇంకా రానట్టే. సెఫ్ ప్రమాణం ప్రకారం ఎం.పి.హెచ్.కి కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. "ఏడాదిలో 30 క్రెడిట్లతో అయిపోతుంది" అని ఎవరైనా చెబితే అది ఎం.పి.హెచ్. కాకపోవచ్చు, పేరు కలిసే వేరే డిగ్రీ కావచ్చు.

రెండో జల్లెడ, సీఐపీ కోడ్. ఇది ఐ-20 మీద ఉండే ఆరంకెల కోడ్. చదువయ్యాక వచ్చే ఓపీటీ 12 నెలలు. కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. 26.1309 అంటే ఎపిడెమియాలజీ, 26.1102 అంటే బయోస్టాటిస్టిక్స్. రెండూ స్టెమ్ జాబితాలో ఉన్నాయి. 51.2201 అంటే జనరల్ పబ్లిక్ హెల్త్, అది జాబితాలో లేదు. కమ్యూనిటీ హెల్త్, హెల్త్ ప్రమోషన్ కాన్సంట్రేషన్లకి (డిగ్రీలో ఎంచుకునే ప్రత్యేక విభాగాలు) సాధారణంగా ఈ 51తో మొదలయ్యే కోడ్‌లే పడతాయి.

మూడేళ్ళకీ ఏడాదికీ తేడా ఈ కోడ్ దగ్గరే వస్తుంది. మనసు కమ్యూనిటీ హెల్త్ మీద ఉన్నా ఎపిడెమియాలజీలో చేరి, ఎలెక్టివ్‌లు కమ్యూనిటీ వైపు తీసుకోవడం ఎఫ్-1 వాళ్ళకి క్షేమం. కొందరికి ఇది రుచించదు. కానీ లెక్కలు వచ్చిన హెల్త్ ఎడ్యుకేటర్‌కి ఉద్యోగం దొరికినంత తేలిగ్గా లెక్కలు రానివాళ్ళకి దొరకదు.

ఒకే పేరున్న కాన్సంట్రేషన్‌కి రెండు యూనివర్సిటీల్లో రెండు కోడ్‌లు ఉండొచ్చు. అందుకే అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. అడగాల్సినవి:

- నేను చేరే కాన్సంట్రేషన్‌కి ఐ-20 మీద పడే సీఐపీ కోడ్ ఏది?
- మధ్యలో కాన్సంట్రేషన్ మార్చుకుంటే కోడ్ మారుతుందా?
- గత ఏడాది విదేశీ విద్యార్థులు ప్రాక్టికం చేసిన సంస్థలు ఏవి?
- ప్రాక్టికం చోటు మీరు చూపిస్తారా, మేమే వెతుక్కోవాలా?
- గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ మొదటి సెమిస్టర్ నుంచే ఇస్తారా?

## 4. పత్రాలు: ఏడాది ముందు మొదలుపెట్టండి

ఎం.పి.హెచ్. దరఖాస్తులు ఎక్కువగా సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తాయి. భారతీయ డిగ్రీలకి డబ్ల్యూఈఎస్ (విదేశీ డిగ్రీల విలువ కట్టే సంస్థ) మూల్యాంకనం అడుగుతుంది. అక్కడ ఎంచుకోవాల్సింది కోర్సు వారీ ఐక్యాప్ నివేదిక, గ్రహీతగా సోఫాస్. మామూలు నివేదిక కొంటే మళ్ళీ డబ్బు కట్టాలి.

వరుస ఇదీ:

1. పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, మార్కుల మెమోలు పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చండి.
2. డబ్ల్యూఈఎస్ ఖాతా తెరిచి రిఫరెన్స్ నంబరు తీసుకోండి.
3. ఆ నంబరుతో మీ యూనివర్సిటీలో ట్రాన్‌స్క్రిప్టులకి అర్జీ పెట్టండి. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అయినా, జేఎన్టీయూ అయినా కవరు యూనివర్సిటీ సీలుతో నేరుగా వెళ్ళాలి, లేదా వాళ్ళే ఎలక్ట్రానిక్‌గా పంపాలి. మీరు స్కాన్ చేసి పంపితే చెల్లదు.
4. సిఫారసు లేఖలు ఇచ్చేవాళ్ళని అడగండి. కాలేజీ మెయిల్ ఐడీ ఉన్నవాళ్ళయితే మేలు.
5. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ రాయండి. జీఆర్ఈ చాలా ప్రోగ్రాంలు తీసేశాయి, అడిగితేనే రాయండి.

తరచూ జరిగే తప్పులు. మనవాళ్ళకి ఇంటిపేరే పెద్ద తలనొప్పి. మెమోలో "కె." అనే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ఇంకొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అలాంటివాళ్ళకి వీసా మీద అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటాడతాయి. దరఖాస్తులు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

రెండోది మూడేళ్ళ బీఎస్సీ. కొన్ని యూనివర్సిటీలు దాన్ని నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా ఒప్పుకోవు. ముందే అడిగి తెలుసుకోండి.

## 5. ఎస్‌వోపీ, రెజ్యూమె: పీహెచ్‌సీ పోస్టింగ్‌ని దాచేయకండి

"చిన్నప్పటినుంచీ ప్రజాసేవ అంటే ఇష్టం" అని మొదలయ్యే ఎస్‌వోపీని (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసం) కమిటీ మొదటి పేరాలోనే పక్కన పెట్టేస్తుంది. కన్సల్టెన్సీ రాసిచ్చేవి దాదాపు అన్నీ అలాగే ఉంటాయి.

మీ దగ్గర అంతకంటే మంచి సరుకుంది. ఇంటర్న్‌షిప్‌లో పీహెచ్‌సీకి వేసినప్పుడు ఏం చేశారో గుర్తుచేసుకోండి. ఆశాలు ముప్పై దాటినవాళ్ళకి సీబాక్ (జబ్బుల ముప్పు అంచనా వేసే) ఫారం నింపడం, సబ్ సెంటర్‌లో బీపీ, షుగర్ చూడడం, టీకాల రోజు రిజిస్టరు, స్కూలు పిల్లల పళ్ళ పరీక్షలు. అమెరికా భాషలో ఇదంతా కమ్యూనిటీ స్క్రీనింగ్, రిఫరల్, డేటా కలెక్షన్.

రెజ్యూమెలో "కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ పూర్తి చేశాను" అని రాస్తే అక్కడెవరికీ అర్థం కాదు. ఎన్ని రోజులు, ఎన్ని ఊళ్ళు, ఎంతమందిని చూశారు, ఎంతమందిని పై ఆసుపత్రికి పంపారు, ఏ రిజిస్టరులో రాశారు అన్న ఐదింటినీ అంకెలతో రాయండి. అంకె గుర్తులేకపోతే కల్పించకండి, లాగ్‌బుక్ తీసి చూడండి.

ఎస్‌వోపీకి నాలుగు పేరాలు చాలు. మీరు చూసిన ఒక సమస్య, అది ఎందుకు తెగలేదో మీ విశ్లేషణ, దాన్ని పట్టుకోవడానికి మీకు రాని నైపుణ్యం ఏది, ఆ నైపుణ్యం ఈ ప్రోగ్రాంలో ఎక్కడ దొరుకుతుంది. ఇంకేమీ అక్కర్లేదు.

## 6. మొదటి సెమిస్టర్‌లో నాలుగు పనులు

ఒక కౌంటీని చదవండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు మూడేళ్ళకోసారి తమ ప్రాంత ఆరోగ్య అవసరాల మదింపు చేసి, నివేదికని వెబ్‌సైట్‌లో పెట్టాలని చట్టం. మీ ఊరి ఆసుపత్రి నివేదిక దించుకుని, వాళ్ళు ముఖ్యమని తేల్చిన సమస్యలు, వాటికి బాధ్యత తీసుకున్న సంస్థల పేర్లు రాసుకోండి. మీ ప్రాక్టికం చోట్ల జాబితా అదే. ఇంటర్వ్యూలో "మీ 2వ ప్రాధాన్యం గురించి చదివాను" అని చెప్పగలిగే విద్యార్థి అరుదు.

ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకోండి. ఎస్ఏఎస్ లేదా ఆర్, రెండిట్లో ఒకటి బాగా. దాంతోపాటు రెడ్‌క్యాప్‌లో సర్వే తయారుచేయడం నేర్చుకోండి. సాధనకి సీడీసీ ఉచితంగా ఇచ్చే బీఆర్‌ఎఫ్‌ఎస్‌ఎస్, ఎన్‌హేన్స్ ఆరోగ్య సర్వేల డేటా చాలు.

సిటీ శిక్షణ పూర్తిచేయండి. మనుషుల మీద పరిశోధన నియమాల గురించిన ఆన్‌లైన్ కోర్సు ఇది. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ప్రొఫెసర్లు పనిలోకి తీసుకోవడానికి వెనకాడరు.

క్యాంపస్ ఉద్యోగం రంగంలోనే వెతకండి. డైనింగ్ హాల్లో దొరికేదీ వారానికి 20 గంటలే, విద్యార్థి ఆరోగ్య కేంద్రంలో ప్రచార విభాగంలో దొరికేదీ 20 గంటలే.

## 7. ప్రాక్టికం: ఉద్యోగం ఇక్కడే పుడుతుంది

సెఫ్ లెక్క ప్రకారం ప్రాక్టికంలో కనీసం రెండు ఉత్పత్తులు (విశ్లేషణ, ప్రణాళిక, కరపత్రం లాంటి చేతిలో పెట్టగల పనులు) తయారుచేయాలి, అవి కనీసం ఐదు సామర్థ్యాలని చూపించాలి, వాటిలో మూడు మౌలికమైనవి అయ్యుండాలి. ఎన్ని గంటలన్నది యూనివర్సిటీ నిర్ణయిస్తుంది. విద్యార్థులు గంటలు లెక్కపెట్టుకుంటూ ఉత్పత్తుల సంగతి మర్చిపోతారు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు గంటలు అడగరు, చేసింది చూపించమంటారు.

మొదలుపెట్టే తేదీకి ఎన్ని వారాల ముందు ఏం చేయాలి:

- 16 వారాలు: ఐదారు సంస్థలకి మెయిల్. మీరేం నేర్చుకోవాలో కాదు, వాళ్ళకి ఏం చేసిపెట్టగలరో ఒక్క వాక్యంలో రాయండి.
- 12 వారాలు: సంస్థకీ యూనివర్సిటీకీ మధ్య ఒప్పందం ఉందో లేదో తేల్చండి. లేకపోతే లాయర్ల బల్లల మీద నెలలు పడుతుంది.
- 8 వారాలు: టీకాల రికార్డు, నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్ట్, టీబీ పరీక్ష.
- 6 వారాలు: సీపీటీ అర్జీ. "జీతం లేదు కదా, సీపీటీ ఎందుకు" అని మీకు మీరే నిర్ణయించుకోకండి, డీఎస్‌వోని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి.
- 2 వారాలు: కొత్త ఐ-20 మీద సీపీటీ తేదీలు, సంస్థ పేరు సరిచూడండి. ఆ తేదీకి ఒక్కరోజు ముందు పని చేసినా అనుమతి లేని పనే.

టీబీ పరీక్ష దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. మనకి పుట్టగానే బీసీజీ వేస్తారు. దానివల్ల చేతిమీద చేసే చర్మ పరీక్ష టీబీ లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. తర్వాత ఎక్స్‌రే, మందుల చర్చ, వారాల ఆలస్యం. మొదటే "బీసీజీ వేయించుకున్నాను, రక్త పరీక్ష చేయండి" అని అడగండి. ఇగ్రా అంటారు, క్వాంటిఫెరాన్ అందులో ఒకటి. బీసీజీ దాని ఫలితాన్ని చెడగొట్టదు. చిన్నప్పటి టీకాల కార్డు పోయుంటే తట్టు, ఆటలమ్మ, హెపటైటిస్-బి యాంటీబాడీ పరీక్షలు చేయించుకుంటే సరిపోతుంది.

సీపీటీలో లెక్క తప్పకండి. పూర్తికాలం సీపీటీ 12 నెలలు లేదా అంతకు మించి వాడితే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ పోతుంది. వారానికి 20 గంటల లోపు పార్ట్‌టైమ్‌కి ఈ కోత లేదు.

పనికొచ్చే ఉత్పత్తులు: క్లినిక్కులో అపాయింట్‌మెంట్ తప్పిపోతున్నవాళ్ళ మీద విశ్లేషణ, ఒక కార్యక్రమానికి లాజిక్ మోడల్ (ఏ పనికి ఏ ఫలితం రావాలో చూపే పటం)తో కూడిన ఎవాల్యుయేషన్ ప్రణాళిక, రెండు భాషల్లో పరీక్షించిన కరపత్రం, గ్రాంటు దరఖాస్తులో ఒక భాగం. పనికిరానివి: ఫోన్లు ఎత్తడం, పోస్టర్లు అతికించడం, "సంస్థ గురించి నేర్చుకున్నవి" అనే నివేదిక.

అలాంటి పనే అప్పగిస్తుంటే మొహమాటపడకండి. రెండో వారంలోనే పర్యవేక్షకుల దగ్గర కూర్చుని, ఉత్పత్తి పేరు, డేటా ఎవరిస్తారు, మొదటి చిత్తుప్రతి తేదీ, ఈ మూడూ ఒక పేజీలో రాసి ఒప్పించండి. పేషెంట్ల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్న ఫైలు మీ లాప్‌టాప్‌లోకి దించుకోవద్దు. అది హిపా (పేషెంట్ల సమాచార గోప్యత చట్టం) ఉల్లంఘన కావచ్చు, ఉద్యోగ వేటకి చూపించడానికి కూడా పనికిరాదు.

## 8. తెలుగువాళ్ళ మధ్య పని చేసేటప్పుడు

మీకు అప్పనంగా వచ్చిన బలం ఇది. జాగ్రత్తగా వాడకపోతే బెడిసికొడుతుంది కూడా.

కొలత. ఆసియా మూలాలవాళ్ళకి షుగర్ పరీక్ష బీఎంఐ 23 దగ్గరే మొదలుపెట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫారసు. మిగతావాళ్ళకి అది 25. మీ ఫారంలో 25 అని ఉంటే మనవాళ్ళలో చాలామంది జల్లెడ నుంచి జారిపోతారు.

మాట. మధుమేహం, రక్తపోటు అని రాస్తే చదువుతారు కానీ తమ గురించి అనుకోరు. షుగర్, బీపీ అనండి. హెచ్‌బీఏ1సీని "మూడు నెలల షుగర్" అంటేనే తెలుస్తుంది. ఫాస్టింగ్‌ని "పరగడుపున" అనండి. "స్ట్రోక్" అంటే మనవాళ్ళలో చాలామంది గుండెపోటనుకుంటారు, "పక్షవాతం" అని రాయండి. అనువాదం యంత్రంతో చేయించినా, మరో వ్యక్తి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, మూలంతో పోల్చండి. తర్వాత అరవై దాటిన ఐదుగురి చేత చదివించి "ఇందులో మిమ్మల్ని ఏం చేయమంటున్నారు?" అని అడగండి.

ప్రశ్న. ఉప్పు గురించి అమెరికన్ ప్రశ్నావళి డబ్బా సూపులు, చిప్స్ అడుగుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల గురించి అడగదు. అన్నం ఎన్ని కప్పులంటే ఎవరూ చెప్పలేరు. నెలకి ఎన్ని కిలోల బియ్యం, ఇంట్లో ఎంతమంది అని అడిగితే లెక్క వచ్చేస్తుంది.

గోప్యత. ఇర్వింగ్, ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి చోట్ల తెలుగువాళ్ళంతా ఒకే ఊరివాళ్ళలా ఉంటారు. గుడిలో పెట్టిన శిబిరంలో "మీకు షుగర్ 240 ఉందండీ" అని గట్టిగా అన్నారంటే సాయంత్రానికి వాట్సాప్‌లో ఉంటుంది. ఫలితం మడిచిన కాగితంలో ఇవ్వండి, మాట్లాడే బల్ల వరుసకి దూరంగా పెట్టండి.

శిబిరం పెట్టే ముందు చెక్‌లిస్టు:

- వేలు పొడిచి షుగర్ చూడాలంటే నిర్వాహక సంస్థకి క్లియా (ల్యాబ్ పరీక్షల చట్టం) వేవర్ సర్టిఫికెట్ కావాలి. స్వచ్ఛంద శిబిరం కదా అని మినహాయింపు లేదు. బీపీకి అక్కర్లేదు.
- బీపీ చూసేముందు 5 నిమిషాలు కూర్చోబెట్టండి. చొక్కా చేతిమీద కాకుండా చర్మం మీద పట్టీ కట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి.
- 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు ఉంటే 911. వేచి చూడొద్దు.
- ఎక్కువ వచ్చినవాళ్ళని ఎక్కడికి పంపుతారో ముందే రాసిపెట్టుకోండి. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకి బీమా లేకపోతే, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే ఫెడరల్లీ క్వాలిఫైడ్ హెల్త్ సెంటర్ల చిరునామాలు దగ్గరుంచుకోండి.
- ఇండియాలో మీరు బీడీఎస్ అయినా ఎంబీబీఎస్ అయినా, అమెరికాలో లైసెన్సు లేనంతవరకు మందు మోతాదు చెప్పకూడదు. "డాక్టరుగారూ, ఈ బిళ్ళ సగం వేసుకోనా?" అని పెద్దాయన అడిగినా సరే.

ఇంట్లో పిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టే పద్ధతిని ప్రోత్సహించకండి. మీరే ఆ పని చేయాలంటే కనీసం 40 గంటల మెడికల్ ఇంటర్‌ప్రెటర్ శిక్షణ తీసుకోండి. తెలుగుకి ప్రత్యేక పరీక్ష లేదు కాబట్టి, భాషతో సంబంధం లేని కోర్-చి పరీక్ష రాయొచ్చు.

## 9. సర్టిఫికెట్లు

హెల్త్ ఎడ్యుకేషన్ వైపైతే చెస్ (సర్టిఫైడ్ హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్). ఏప్రిల్, అక్టోబరుల్లో పరీక్ష, 165 ప్రశ్నలు, 3 గంటలు. డిగ్రీలో హెల్త్ ఎడ్యుకేషన్ కోర్సులు 25 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. ఎలెక్టివ్‌లు ఎంచుకునేటప్పుడే దీన్ని లెక్కలో పెట్టుకోండి.

సీపీహెచ్ (సర్టిఫైడ్ ఇన్ పబ్లిక్ హెల్త్) 200 ప్రశ్నలు, 4 గంటలు. ఉంటే మంచిదే. కానీ మీ షీట్‌లోని 20 ప్రకటనల్లో ఎన్ని అడిగాయో చూసి డబ్బు కట్టండి.

కమ్యూనిటీ హెల్త్ వర్కర్ సర్టిఫికెట్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 160 గంటల శిక్షణ. గ్రీన్ కార్డు, హెచ్-4 ఈఏడీ ఉన్నవాళ్ళకి వెంటనే అక్కరకొస్తుంది.

## 10. ఓపీటీ: తేదీలతో ఆడుకోవద్దు

- ఐ-765 (పని అనుమతి) దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాతి వరకు వేయొచ్చు. 90వ రోజునే వేయండి.
- డీఎస్‌వో సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోపు అది చేరాలి. దాటితే తిరస్కరణే.
- ఓపీటీ ఈఏడీ కార్డు మీద తేదీ మొదలైన దగ్గరనుంచి నిరుద్యోగపు రోజులు 90 దాటకూడదు.
- ఉద్యోగం దొరక్కపోతే మీ రంగంలో వారానికి కనీసం 20 గంటల స్వచ్ఛంద సేవ కూడా మొదటి 12 నెలల ఓపీటీలో లెక్కకి వస్తుంది. సంస్థ లెటర్‌హెడ్ మీద లేఖ తీసుకుని దాచండి.
- స్టెమ్ పొడిగింపుకి జీతం ఉండాలి, సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక నింపాలి. చిన్న సంస్థలు, కొన్ని కౌంటీలు ఈ-వెరిఫైలో ఉండవు. ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి.

డబ్బు తీసుకుని ఓపీటీ చూపించడానికి ఉత్తుత్తి ఆఫర్ లెటరు ఇచ్చేవాళ్ళు మనవాళ్ళలోనే దొరుకుతారు. ఆ సంస్థ దొరికిపోయిన రోజున దాని పేరు పెట్టుకున్న ప్రతి విద్యార్థి ఫైలూ తెరుస్తారు. ఉచిత సేవకి దారి ఉండగా ఆ గోతిలో పడడం దేనికి?

## 11. ఉద్యోగం, హెచ్-1బీ

మామూలు హెచ్-1బీలు ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ వాళ్ళకి ఇంకో 20,000. 2026 నుంచి లాటరీలో జీతం స్థాయి ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ అవకాశాలిస్తున్నారు. పబ్లిక్ హెల్త్‌లో మొదటి జీతాలు ఐటీ అంత ఉండవు, కాబట్టి ఆ వరుసలో మనం వెనకే.

అందుకే పరిమితి లేని సంస్థల్ని ముందు వెతకండి. యూనివర్సిటీలు, వాటితో అనుబంధం ఉన్న లాభాపేక్ష లేని ఆసుపత్రులు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఏడాదిలో ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ ప్రభుత్వానిదే అయినా దానంతటదే ఈ జాబితాలోకి రాదు. కమ్యూనిటీ క్లినిక్ కూడా యూనివర్సిటీ అనుబంధం ఉంటేనే వస్తుంది.

2025 సెప్టెంబరు ప్రకటనతో, అమెరికా బయట ఉన్నవాళ్ళకోసం వేసే కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల చెల్లింపు వచ్చింది. దేశంలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్ళకి వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఓపీటీ మధ్యలో పెళ్ళికో పండక్కో ఇండియా వెళ్ళేముందు, మీ పిటిషన్ ఏ దశలో ఉందో లాయరుతో మాట్లాడండి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి:

- ఈ ఉద్యోగానికి డబ్బు ఏ గ్రాంటు నుంచి వస్తోంది, అది ఏ తేదీన ముగుస్తుంది? 2025 మార్చిలో కోవిడ్ కాలపు గ్రాంట్లు దాదాపు 11 బిలియన్ డాలర్లు ఒక్కసారిగా రద్దయినప్పుడు, ఈ ప్రశ్న అడగనివాళ్ళు ఖంగుతిన్నారు.
- ఇంతకుముందు ఎవరికైనా హెచ్-1బీ వేశారా? ఏ హోదా మీద?
- ఉద్యోగ వివరణలో పబ్లిక్ హెల్త్ డిగ్రీ తప్పనిసరి అని ఉందా?

వీసా సంగతి మొదటి ఫోన్ కాల్‌లోనే ఎత్తకండి, అలాగని ఆఫర్ చేతికొచ్చేదాకా దాచకండి. రెండో విడత మాటల్లో హెచ్‌ఆర్‌ని అడగడం సరైన సమయం.

చేరిన 10 రోజుల్లోపు ఎస్‌ఈవీపీ పోర్టల్‌లో (ఓపీటీ వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) సంస్థ పేరు, చిరునామా, తేదీ నమోదు చేయండి. ఉద్యోగం మీ చదువుకి ఎలా సంబంధించిందో మూడు నాలుగు వాక్యాల్లో అక్కడే రాయాలి. ఉద్యోగ వివరణ, ఆఫర్ లెటరు, పే స్టబ్‌లు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఆఫీసు మెయిల్‌లో కాదు, మీ సొంత డ్రైవ్‌లో. ఉద్యోగం పోయిన రోజున ముందు పోయేది ఆఫీసు మెయిలే.